జీవిత భాగస్వామి బంధువుల వలస (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

జీవిత భాగస్వామి బంధువుల వలస అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరుని లేదా పౌరురాలి అత్తమామలు, బావమరదులు, మరదళ్ళు, వదినలు, వారి పిల్లలు కుటుంబ సంబంధం ఆధారంగా ఆ దేశానికి శాశ్వత నివాసులుగా వచ్చి, తరువాత పౌరసత్వం పొందే విధానము. నిజానికి అమెరికా వలస చట్టంలో ఈ పేరుతో వర్గం ఏదీ లేదు. అల్లుడు తన అత్తమామల కోసం గానీ, కోడలు తన అత్తమామల కోసం గానీ పిటిషను వేయుటకు ఆ చట్టం అవకాశం ఇవ్వలేదు. వారికి దారి ఒక్కటే. భార్య తరపు వారి కోసం భార్య, భర్త తరపు వారి కోసం భర్త స్వయంగా పిటిషను వేయవలెను. అందుకు ఆ భార్య లేదా భర్త ముందుగా అమెరికా పౌరసత్వం స్వీకరించి ఉండవలెను.

ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం భర్త అమెరికా పౌరుడు, భార్య భారతదేశం నుండి వచ్చిన వ్యక్తి అని భావించి వివరణ ఇవ్వబడింది. భార్య పౌరురాలై భర్త వలస వచ్చినవాడైనా నియమాలు ఇవే.

చరిత్ర

ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సగంలో భారతీయులకు అమెరికాలో కుటుంబ వలస అనే ప్రశ్నే లేదు. 1917 నాటి వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు ఆ దేశ పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1920లలో అమెరికా వెళ్ళి 1948లో న్యూయార్కులో మరణించిన భీమవరం శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా జీవితం అధిక భాగం ఈ నిషేధకాలంలోనే గడిచింది. ఆయన భార్య శేషగిరి భారతదేశంలోనే ఉండిపోయింది. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించి, ఏటా 100 మంది వలసకు అనుమతించింది.

ఇప్పటి పద్ధతికి పునాది 1965 నాటి హార్ట్-సెల్లర్ చట్టము. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా ప్రతిమ వద్ద దీనిపై సంతకం చేశాడు. జాతి మూలాన్ని బట్టి కోటాలు కేటాయించే పద్ధతిని ఇది రద్దు చేసి, కుటుంబ సంబంధానికి అగ్రస్థానం ఇచ్చింది. అంతకు ముందు సంఖ్యా పరిమితికి లోబడి ఉన్న పౌరుల తల్లిదండ్రులను పరిమితి లేని వర్గంలోకి చేర్చింది కూడా ఈ చట్టమే. కుటుంబానికి ప్రాధాన్యత ఇస్తే అప్పటికే అమెరికాలో ఎక్కువగా ఉన్న ఐరోపా సంతతి వారి బంధువులే వస్తారని ఒహాయో ప్రతినిధి మైకేల్ ఫీఘన్ వంటివారు తలచారు. ఫలితం వేరుగా వచ్చింది. వైద్యులుగా, ఇంజనీర్లుగా, విద్యార్థులుగా వచ్చిన ఆసియా వారు పౌరులై తమ వారిని పిలిపించుకున్నారు. 1990 నాటి వలస చట్టం నేడు అమలులో ఉన్న సంఖ్యలను నిర్ణయించింది.

చట్టం గుర్తించే బంధుత్వాలు

పౌరులు పిటిషను వేయగల బంధువులు రెండు రకాలు. మొదటి రకం తక్షణ బంధువులు. వీరు భార్య లేదా భర్త, 21 సంవత్సరాలు నిండని అవివాహిత సంతానం, తల్లిదండ్రులు. తల్లిదండ్రుల కోసం పిటిషను వేసే పౌరునికి 21 సంవత్సరాలు నిండి ఉండవలెను. వీరికి వార్షిక పరిమితి లేదు, వరుస లేదు. రెండవ రకం ప్రాధాన్యత వర్గాలు. పౌరుల వయోజన అవివాహిత సంతానానికి ఏటా 23,400 వీసాలు, వివాహిత సంతానానికి 23,400, తోబుట్టువులకు 65,000 కేటాయించబడినవి. శాశ్వత నివాసులు, అనగా గ్రీన్ కార్డు కలవారు, తమ భార్య లేదా భర్త కోసం, అవివాహిత సంతానం కోసం మాత్రమే పిటిషను వేయగలరు. వీరికి 1,14,200 వీసాలు కలవు. గ్రీన్ కార్డుతో తల్లిదండ్రులను గానీ, తోబుట్టువులను గానీ పిలిపించుట సాధ్యం కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ళ తరబడి ఎదురుచూసే కుటుంబాలు ఉన్నాయి.

ఈ జాబితాలో ఎక్కడా వివాహం ద్వారా ఏర్పడిన బంధుత్వానికి చోటు లేదు. వియ్యంకులు, తోడల్లుడు, తోటికోడలు, ఆడపడుచు అనే మాటలతో తెలుగువారు చెప్పుకునే సంబంధాలేవీ ఈ చట్టానికి అక్కరలేదు. పిటిషను వేసే వ్యక్తికీ, వచ్చే వ్యక్తికీ మధ్య నేరుగా ఉన్న సంబంధాన్ని మాత్రమే అది చూస్తుంది.

దీనికి ఒక మినహాయింపు కలదు. భార్యకు ముందు వివాహం వల్ల కలిగిన పిల్లలున్నచో, ప్రస్తుత వివాహం జరిగేనాటికి ఆ బిడ్డకు 18 సంవత్సరాలు నిండకపోతే, ఆ బిడ్డ చట్టరీత్యా భర్తకు సవతి సంతానం అవుతుంది. అతడు నేరుగా పిటిషను వేయవచ్చును. భార్య బంధువులలో భర్త స్వయంగా పిలిపించగలిగినది వీరిని మాత్రమే. 18 నిండిన మరునాడు వివాహం జరిగినా ఈ అవకాశం పోతుంది.

తెలుగు వరుసలు, చట్టపు వరుసలు ఒకటి కాకపోవుట వల్ల కూడా చిక్కులు వస్తాయి. పెదనాన్న కొడుకును అన్న అనీ, పిన్ని కూతురును చెల్లెలు అనీ పిలుచుకోవడం మనకు సహజం. దరఖాస్తులో వారిని తోబుట్టువులుగా చూపితే అది తప్పుడు ప్రకటన అవుతుంది. చట్టరీత్యా తల్లి గానీ, తండ్రి గానీ కనీసం ఒకరైనా ఉమ్మడిగా ఉన్నవారు మాత్రమే తోబుట్టువులు. తల్లి వేరై తండ్రి ఒక్కడైనా సరిపోతుంది. మేనరికంలో మేనత్తే అత్తగారు కావచ్చును. అయినా ఆమె మేనత్తగానూ రాలేదు, అత్తగానూ రాలేదు. రెండు విధాల దగ్గరైన మనిషి చట్టం దృష్టిలో ఏమీ కాకపోవుట విచిత్రమే.

దత్తత విషయం మరింత కఠినమైనది. పిల్లలు లేని పిన్నికో పెద్దమ్మకో చట్టబద్ధంగా దత్తత వెళ్ళిన స్త్రీ, ఆ దత్తత ఆధారంగా వలస ప్రయోజనం పొందినచో, కన్న తల్లిదండ్రుల కోసం పిటిషను వేయలేదు. సవతి తల్లి విషయంలో చట్టం ఉదారంగా ఉన్నది. కుమార్తెకు 18 నిండకముందే తండ్రి మరల వివాహం చేసుకొని ఉంటే సవతి తల్లిని తల్లిగానే పరిగణిస్తారు.

భార్య పౌరసత్వం

అత్తమామల రాకకు మొదటి మెట్టు భార్య పౌరసత్వము. పౌరుడైన భర్త ఐ-130 అనే పత్రం దాఖలు చేయగా ఆమెకు గ్రీన్ కార్డు వస్తుంది. అది వచ్చేనాటికి వివాహమై రెండేళ్ళు నిండకపోతే, 1986 నాటి సవరణ ప్రకారం అది రెండేళ్ళ షరతులతో కూడిన కార్డు. దాని గడువు ముగియుటకు ముందు 90 రోజులలో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేసి షరతులు తొలగింపజేసుకోవలెను.

సాధారణంగా గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్ళకు పౌరసత్వానికి అర్హత వస్తుంది. పౌరుని భార్యకు మూడేళ్ళు చాలును. అయితే ఆ మూడేళ్ళూ ఆమె భర్తతో కలిసి కాపురం చేసి ఉండవలెను. ఆ మూడేళ్ళూ అతడు పౌరుడై కూడా ఉండవలెను. భర్త పౌరుడై ఏడాది మాత్రమే అయితే లెక్క అక్కడి నుండే మొదలవుతుంది. ఈ మూడేళ్ళలో కనీసం 18 నెలలు ఆమె అమెరికా గడ్డపై ఉండవలెను. ఆరు నెలలకు మించి ఏకధాటిగా బయట ఉంటే నివాసం తెగిందనే అనుమానం కలుగుతుంది. ఏడాది దాటితే తెగినట్లే. పురిటికి పుట్టింటికి వెళ్ళి ఎక్కువ కాలం ఉండిపోయిన స్త్రీలకు ఈ నియమం ఇబ్బంది కలిగిస్తుంది. గడువు నిండుటకు 90 రోజుల ముందు నుండి ఎన్-400 దరఖాస్తు పంపవచ్చును. ప్రమాణ స్వీకారానికి ముందే విడాకులైతే మూడేళ్ళ సదుపాయం పోయి, ఐదేళ్ళ నియమం వర్తిస్తుంది.

దరఖాస్తుదారు ఆంగ్లం చదువుట, వ్రాయుట, మాట్లాడుటతో పాటు అమెరికా చరిత్ర, ప్రభుత్వ విధానంపై పరీక్ష ఇవ్వవలెను. 2025 అక్టోబరు 20 నుండి దాఖలైన దరఖాస్తులకు 128 ప్రశ్నల జాబితా నుండి 20 అడుగుతారు. 12కు సరియైన సమాధానం చెప్పవలెను. అంతకు ముందు 100 ప్రశ్నల నుండి 10 అడిగి, 6 సరిపోతే చాలనేవారు.

తెలుగు రాష్ట్రాల నుండి అమెరికా వెళ్ళినవారిలో చాలామంది ఈ దారిన కాక హెచ్-1బి ఉద్యోగ వీసాపై దంపతులుగా వెళ్ళినవారు. వారిలో ఇద్దరూ పౌరులు కారు. భర్త ఉద్యోగం ఆధారంగా కుటుంబమంతటికీ గ్రీన్ కార్డు రావలెను. ఉద్యోగ ఆధారిత వర్గాలలో భారతదేశానికి ఉన్న వరుస చాలా పొడవైనది. అది దాటిన తరువాత మరి ఐదేళ్ళు గడిస్తేనే పౌరసత్వం. అప్పటికి పెళ్ళినాటి తల్లిదండ్రులు వృద్ధులై ఉంటారు.

భారత పౌరసత్వాన్ని వదులుకొనుట

ఇక్కడ భార్య ఎదుర్కొనే నిర్ణయం చిన్నది కాదు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షను ప్రకారం స్వచ్ఛందంగా వేరొక దేశ పౌరసత్వం స్వీకరించిన క్షణం నుండి భారత పౌరసత్వం రద్దవుతుంది. భారత పాస్‌పోర్టును అప్పగించి, పౌరసత్వ త్యాగ ధృవపత్రం తీసుకోవలెను. ఆ తరువాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణించుట నేరము.

ఈ లోటును కొంత పూడ్చుటకు భారత ప్రభుత్వం ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డును ప్రవేశపెట్టింది. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి కార్డులు అందజేశారు. 2015లో పాత పి.ఐ.ఓ. కార్డును దీనిలో విలీనం చేశారు. ఈ కార్డుతో జీవితాంతం వీసా లేకుండా రావచ్చును, పని చేసుకోవచ్చును, ఇల్లు కొనవచ్చును. ఓటు వేయలేరు. వ్యవసాయ భూమి కొనలేరు, కాని పుట్టింటి నుండి వారసత్వంగా వచ్చిన భూమిని ఉంచుకోవచ్చును. పేరులో పౌరసత్వం అనే మాట ఉన్నప్పటికీ ఇది పౌరసత్వం కాదు.

కావున తల్లిదండ్రులను తన వద్ద ఉంచుకోదలచిన కుమార్తె, తల్లిదండ్రులు ఏ దేశ పౌరులో ఆ దేశ పౌరసత్వాన్ని తాను వదులుకోవలసి వస్తుంది. భర్త ఏనాడో పౌరుడైనా ఆమె త్యాగానికి అది ప్రత్యామ్నాయం కాదు.

తల్లిదండ్రుల రాక

భార్య పౌరురాలైన తరువాత తల్లి కోసం ఒక ఐ-130, తండ్రి కోసం మరొక ఐ-130 దాఖలు చేయవలెను. తక్షణ బంధువుల వర్గంలో వెంట వచ్చే కుటుంబ సభ్యులకు వీసా ఉండదు. ఒకే పిటిషనులో తల్లిదండ్రులిద్దరినీ చేర్చలేరు. తల్లి వెంట 17 ఏళ్ళ తమ్ముడు రాలేడు. అతడిని ఇక్కడే ఏ బంధువుల ఇంటనో ఉంచి, అమెరికా చేరిన తల్లి శాశ్వత నివాసిగా అతని కోసం వేరే పిటిషను వేయవలసి ఉంటుంది. ఆ వర్గానికి 2025 చివరినాటికి నిరీక్షణ సుమారు రెండేళ్ళు. ఈ కారణంగా కొందరు తల్లులు ముందుగా తాము వెళ్ళకుండా ఆగిపోతారు. మరికొందరు త్వరగా వెళ్ళి త్వరగా పిటిషను వేయుటే మేలని తలుస్తారు. అతనికి 21 నిండుటకు ఎంత కాలమున్నదో చూసుకొని నిర్ణయించుకోవడం మంచిది.

ఆమోదించిన పిటిషను న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటరుకు వెళ్తుంది. అక్కడ రుసుములు, పత్రాలు, డి.ఎస్.-260 దరఖాస్తు పూర్తయిన తరువాత ముఖాముఖికి పిలుపు వస్తుంది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ఉన్నప్పటికీ వలస వీసాల పని ప్రధానంగా ముంబయి కాన్సులేటులో జరుగుతుంది. గుర్తింపు పొందిన వైద్యుల వద్ద ఆరోగ్య పరీక్ష, టీకాలు, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు ధృవపత్రం అవసరము.

అప్పటికే సందర్శక వీసాపై అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు అక్కడి నుండే ఐ-485 ద్వారా గ్రీన్ కార్డు కోరవచ్చును. అయితే అక్కడే స్థిరపడాలనే ఉద్దేశ్యాన్ని దాచి సందర్శకులమని చెప్పి ప్రవేశిస్తే అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. దరఖాస్తు పెండింగులో ఉండగా ముందస్తు అనుమతి లేకుండా దేశం విడిచినచో దానిని వదిలివేసినట్లు భావిస్తారు. ఊరిలో శుభకార్యమో, చావు కబురో వచ్చి హడావుడిగా విమానమెక్కితే మొదటి నుండి మొదలుపెట్టవలసి రావచ్చును.

ఆర్థిక హామీ పత్రము

పిటిషను వేయలేని అల్లుడికి చట్టం ఇక్కడ ఒక పాత్ర ఇచ్చింది. 1996 నాటి చట్టం ప్రకారం కుటుంబ వలసదారుల కోసం ఐ-864 అనే హామీ పత్రంపై సంతకం చేయవలెను. పిటిషనుదారు ఆదాయం సమాఖ్య పేదరిక సూచికకు 125 శాతం కన్నా తక్కువ ఉండరాదు. దంపతులు, ఇద్దరు పిల్లలు, రానున్న తల్లిదండ్రులిద్దరు కలిసి ఆరుగురైతే 2025 సూచికల ప్రకారం ఇది సుమారు 53,900 డాలర్లు. అలాస్కా, హవాయిలలో ఇంకా ఎక్కువ. భార్యకు ఉద్యోగం లేకపోయినా పిటిషనుదారుగా సంతకం ఆమెదే. ఆదాయం చాలనప్పుడు ఒకే ఇంట ఉన్న భర్త ఐ-864ఎ పత్రంతో తన ఆదాయాన్ని జత చేయవచ్చును, లేదా సహ హామీదారుగా నిలువవచ్చును.

ఈ సంతకం మర్యాద కోసం పెట్టేది కాదు, కోర్టులో అమలు చేయదగిన ఒప్పందము. వలస వచ్చిన వ్యక్తి పౌరుడగుట, 40 త్రైమాసికాల పనికాలం, అనగా సుమారు పదేళ్ళు, జమ అగుట, శాశ్వత నివాసం వదలి దేశం విడిచిపోవుట, మరణించుట - వీటిలో ఏదో ఒకటి జరిగే వరకు బాధ్యత కొనసాగుతుంది. దంపతులు విడిపోయినా పోదు. కుమార్తెతో సంబంధం తెగిన తరువాత కూడా మాజీ అల్లుడు అత్తమామల పోషణకు బాధ్యుడుగా ఉండవచ్చునని దీని అర్థము.

పిటిషనుదారు మరణిస్తే సాధారణంగా పిటిషను రద్దవుతుంది. మానవతా దృష్టితో దానిని పునరుద్ధరించమని కోరవచ్చును. అప్పుడు హామీ ఇచ్చుటకు ప్రత్యామ్నాయ హామీదారు కావలెను. 2002లో వచ్చిన సవరణ ఇందుకు అర్హులైన వారి జాబితా ఇచ్చింది. అందులో అత్త, మామ, అల్లుడు, కోడలు, బావ, మరిది, వదిన, మరదలు అందరూ ఉన్నారు. పిలిపించుటకు పనికిరాని బంధువులు డబ్బుకు పూచీపడుటకు పనికివస్తారు.

తోబుట్టువుల నిరీక్షణ

పౌరులు తోబుట్టువుల కోసం వేసే నాలుగవ ప్రాధాన్యత పిటిషను అన్నిటికన్నా ఆలస్యమయ్యేది. కుటుంబ, ఉద్యోగ ప్రాధాన్యత వర్గాలు రెండూ కలిపి ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం, అనగా ఏటా 25,620 వీసాలకు మించి ఇవ్వరాదనే నియమం ఉన్నది. పిటిషను దాఖలైన తేదీని ప్రాధాన్యత తేదీ అంటారు. ఎవరి వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రతినెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. 2025 చివరినాటికి ఈ వర్గంలో భారతీయులకు 2006లో దాఖలైన పిటిషన్ల వంతు నడుస్తున్నది. అంటే పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు దాఖలు చేసేవారికి ఇంతే పడుతుందని కాదు. వారి ముందున్న వరుసను బట్టి ఇంకా ఎక్కువ పట్టవచ్చును.

ఈ వర్గంలో తోబుట్టువు వెంట భార్య లేదా భర్త, 21 నిండని అవివాహిత సంతానం కూడా రావచ్చును. కాని పిటిషను వేసినప్పుడు పాలు తాగే బిడ్డ, వంతు వచ్చేనాటికి కళాశాల చదువు ముగింపులో ఉంటాడు. 2002 నాటి బాలల స్థితి పరిరక్షణ చట్టం పిటిషను ఆమోదానికి పట్టిన కాలాన్ని మాత్రమే వయస్సు నుండి తగ్గిస్తుంది. వరుసలో వేచి ఉన్న ఏళ్ళను తగ్గించదు. అటువంటి పిల్లలకు పాత తేదీని నిలుపుకునే హక్కు ఉన్నదా అనే ప్రశ్నపై 2014లో సుప్రీం కోర్టు, స్కియలాబ్బా వర్సెస్ క్యుయెల్లార్ డి ఒసోరియో కేసులో, ప్రభుత్వ వైఖరినే సమర్థించింది. ఫలితంగా తల్లిదండ్రులు వెళ్ళి పిల్లలు మిగిలిపోయే పరిస్థితి వస్తున్నది.

తోబుట్టువు అవివాహితుడైనచో తల్లిదండ్రుల ద్వారా మరొక దారి ఉన్నది. గ్రీన్ కార్డు పొందిన తల్లి లేదా తండ్రి తమ వయోజన అవివాహిత సంతానం కోసం పిటిషను వేయవచ్చును. 2025 చివరినాటికి ఆ వర్గంలో 2016 నాటి పిటిషన్ల వంతు నడుస్తున్నది, అనగా సుమారు తొమ్మిదేళ్ళు. సోదరి వేసిన పిటిషను, తల్లి వేసిన పిటిషను రెండూ ఏకకాలంలో ఉండుటకు అభ్యంతరం లేదు. రెండూ వేయుట మంచిది.

అయితే ఇందులో ఒక ఉచ్చు ఉన్నది. తల్లి ఇంకా గ్రీన్ కార్డుపై ఉండగా ఆ కుమారుడు వివాహం చేసుకుంటే ఆమె పిటిషను రద్దవుతుంది. శాశ్వత నివాసుల వివాహిత సంతానానికి చట్టంలో వర్గమే లేదు. ఆమె పౌరురాలైన తరువాత పెళ్ళి చేసుకుంటే పిటిషను మూడవ ప్రాధాన్యతకు మారి బ్రతికే ఉంటుంది. 2025 చివరినాటికి అక్కడ 2011 నాటి పిటిషన్ల వంతు నడుస్తున్నది. పెళ్ళీడుకు వచ్చిన కొడుకు ముహూర్తం తల్లి పౌరసత్వ ప్రమాణం తేదీపై ఆధారపడటం ఈ చట్టం తెచ్చిన వింత. గుట్టుగా పెళ్ళి జరిపించి దాచిపెట్టినవారి సంగతి ముఖాముఖిలో బయటపడితే వీసా పోవుటే కాక, తప్పుడు ప్రకటన వల్ల శాశ్వత అనర్హత కూడా కలుగవచ్చును.

పిటిషను పెండింగులో ఉన్న తోబుట్టువు సందర్శక వీసాకు దరఖాస్తు చేసినప్పుడు, తన తరపున ఎవరైనా వలస పిటిషను వేశారా అనే ప్రశ్నకు అవునని చెప్పవలెను. అందుచేత సందర్శక వీసా రాదని కాదు, కాని తిరిగి వస్తాననే నమ్మకం కలిగించుట కష్టతరమవుతుంది.

పత్రాలు, పేర్లు

పిటిషను బంధుత్వానికి రుజువు కోరుతుంది. తెలుగు కుటుంబాలలో ఈ రుజువే కొరత. తల్లి కోసం అయితే తల్లి పేరు ఉన్న కుమార్తె జనన ధృవపత్రం చాలును. తండ్రి కోసం దానితో పాటు తల్లిదండ్రుల వివాహ ధృవపత్రం కావలెను. తోబుట్టువు కోసం ఇద్దరి జనన ధృవపత్రాలలోనూ కనీసం ఒకరైనా ఉమ్మడి తల్లి లేదా తండ్రి కనిపించవలెను.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు, ఆ తరువాత కొన్నేళ్ళ వరకు కూడా పల్లెలలో పుట్టినవారికి నమోదు ఉండకపోవుట సాధారణము. ఇటువంటి సందర్భంలో నమోదు లేదని పురపాలక లేదా రెవిన్యూ అధికారి ఇచ్చే పత్రం, పుట్టుక గురించి స్వయంగా ఎరిగిన పెద్దల ప్రమాణ పత్రాలు, పుట్టినతేది, తండ్రి పేరు ఉన్న పదవ తరగతి ధృవపత్రం జతచేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం 2002లో వచ్చింది. ముందు తరం పెళ్ళిళ్ళకు శుభలేఖ, ఫొటోలు తప్ప వేరే ఆధారం ఉండదు. తల్లిదండ్రుల వివాహాన్ని ఇప్పుడు రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుట ఒక మార్గము. పత్రాలు సరిపోనప్పుడు డి.ఎన్.ఎ. పరీక్ష సూచిస్తారు.

పేర్ల చిక్కు మరొకటి. ఇంటిపేరు ముందు రావడం, అది కొన్ని పత్రాలలో పొడి అక్షరంగా మిగలడం, పెళ్ళి తరువాత స్త్రీ ఇంటిపేరు మారడం, ఒకే పేరును ఆంగ్లంలో మూడు రకాలుగా వ్రాయడం వల్ల బడి పత్రంలోని వ్యక్తి, పాస్‌పోర్టులోని వ్యక్తి ఒకరేనని నిరూపించవలసి వస్తుంది. పిటిషను వేయుటకు ముందే తల్లిదండ్రుల పాస్‌పోర్టు, ఆధార్, బడి పత్రాలలో పేర్లు సరిచేయించుకొనుట ఎంతో కాలాన్ని ఆదా చేస్తుంది.

వచ్చిన తరువాత

గ్రీన్ కార్డుపై వచ్చిన తల్లిదండ్రులకు పౌరసత్వానికి మూడేళ్ళ సదుపాయం లేదు. ఐదేళ్ళు ఉండవలెను, అందులో కనీసం 30 నెలలు అమెరికాలో గడపవలెను. ఆంగ్ల పరీక్ష నుండి మినహాయింపు 50 ఏళ్ళు నిండి 20 ఏళ్ళుగా గ్రీన్ కార్డు కలవారికి, లేదా 55 నిండి 15 ఏళ్ళుగా కలవారికి మాత్రమే. వారు పౌరశాస్త్ర పరీక్షను తమ భాషలో ఇవ్వవచ్చును, దుబాసీ ద్వారా తెలుగులో సమాధానం చెప్పవచ్చును. అరవై దాటి వచ్చిన తల్లికి ఈ మినహాయింపు అందేసరికి డెబ్బై ఐదు దాటుతుంది. వైద్యపరమైన వైకల్యం ఉన్నవారు ఎన్-648 ద్వారా మినహాయింపు కోరవచ్చును. వయస్సు పైబడిందనే కారణం ఒక్కటే చాలదు.

1996 చట్టాల ప్రకారం మొదటి ఐదేళ్ళు అనేక సమాఖ్య సంక్షేమ పథకాలు వీరికి వర్తించవు. 65 నిండి, ఐదేళ్ళు నిరంతరంగా అమెరికాలో నివసించిన శాశ్వత నివాసులు మెడికేర్‌ను నెలసరి ప్రీమియం చెల్లించి పొందవచ్చును. అంతవరకు వైద్య బీమా కుమార్తె కుటుంబం కొనవలసినదే. అల్లుని సంపాదన మీద పడే అసలు భారం విమాన టిక్కెట్లు కాదు, ఇదే.

పొలం, ఇల్లు, పండుగలు విడిచి ఉండలేక చాలామంది ఏడాదిలో ఎక్కువ భాగం స్వదేశంలో గడుపుతారు. ఏడాదికి మించి బయట ఉంటే గ్రీన్ కార్డుతో తిరిగి ప్రవేశించలేరు. ముందుగా అమెరికాలో ఉండగానే పునఃప్రవేశ అనుమతి తీసుకుంటే రెండేళ్ళ వరకు వెసులుబాటు కలదు. ఏటా ఒక నెల కార్డు నిలుపుకొనుటకే వచ్చిపోయేవారి నివాసాన్ని అధికారులు ప్రశ్నించవచ్చును. మనుమల వద్ద కొన్ని నెలలు గడిపి రావాలని మాత్రమే కోరుకునే దంపతులకు సందర్శక వీసాయే అనువైనది. సాధారణంగా ఒక్కొక్క రాకకు ఆరు నెలల వరకు గడువు లభిస్తుంది, ఇక్కడి జీవితం తెగిపోదు.

విమర్శలు, సవరణ ప్రతిపాదనలు

ఒకరు మరొకరిని, వారు ఇంకొకరిని పిలిపించుకునే ఈ పద్ధతిని విమర్శకులు గొలుసు వలస అని పిలుస్తారు. 2017లో సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ ప్రవేశపెట్టిన రైజ్ బిల్లు తోబుట్టువుల, వయోజన సంతాన వర్గాలను రద్దు చేయాలనీ, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు బదులు తాత్కాలిక వీసా ఇవ్వాలనీ ప్రతిపాదించింది. అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ దీనిని సమర్థించాడు. బిల్లు ఆమోదం పొందలేదు.

ఆ మరుసటి సంవత్సరం, 2018 ఆగస్టు 9న, ట్రంప్ అత్తమామలు విక్టర్ క్నాఫ్స్, అమలియా క్నాఫ్స్ న్యూయార్కులో అమెరికా పౌరులుగా ప్రమాణం చేశారు. వారు స్లొవేనియా దేశస్థులు. 2006లో పౌరురాలైన వారి కుమార్తె మెలనియా వారి గ్రీన్ కార్డులకు పిటిషను వేసినట్లు వారి న్యాయవాది తెలిపాడు.